ఉమ్మెత్త నూనె అంటిన కళ్ళు

నడుము పట్టేసిందని పోతే, భూపాలపల్లి దవాఖానలో డాక్టరమ్మ గోళీలు రాసిచ్చింది. బిగుసుకున్న కండ సడలాలంటే ఇవి వేసుకోవాలన్నది. సడలింది నిజమే. కానీ మూడో రోజు పొద్దున పేపరు ముందు పెట్టుకుంటే అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అద్దాలు తుడిచాను, మళ్ళీ తుడిచాను. వాకిట్లోకి పోతే ఎండ కళ్ళలో గుచ్చింది. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టగలను గానీ నా అరచేయి నా కంటికి ఆనడం లేదు.

నా బిడ్డ హడలిపోయి డాక్టరమ్మకు ఫోను చేసింది. అది ఆ గోళీల వల్లనే, కొందరికి అట్లా కళ్ళు మసకబారతాయి, ఆపేస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది, పరేషాన్ కావద్దన్నదట. బిడ్డ ఊపిరి పీల్చుకుని వంటింట్లోకి పోయింది. నాకిది రెండోసారి. మొదటిసారి నాకు పందొమ్మిదేళ్ళు.

ఆ మొదటిసారి జరిగినదాన్ని గురించి జనం చాలా చెప్పుకున్నారు. సభలకు పిలిచారు, శాలువాలు కప్పారు, మైకు ముందు నిలబెట్టి వీరనారి అన్నారు. నేను చెప్పేది ఒకటి, వాళ్ళు వినేది ఇంకొకటి. నాకు కళ్ళు కనపడలేదయ్యా అంటే, చూడండి ఎంత వినయమో అని చప్పట్లు కొట్టారు. వినయమూ లేదు, గినయమూ లేదు. చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది, అంతే. ఇప్పుడు చెప్పడం మానేసి రాస్తున్నాను. రాసినదాని మీద ఎవరూ చప్పట్లు కొట్టరు కదా.

మా ఊరు జనగామకు ఆమడ దూరం, తొర్రూరు పోయే దిక్కు. నా తల్లిగారిల్లు మరిపెడ దగ్గర. నేను కాపురానికి వచ్చేనాటికే అత్తమామలు గత్తర, అదే కలరా, తగిలి పోయారు. ఇంట్లో ఆయన, నేను, రెండెడ్లు, అంతే. ఆయన సంఘం మనిషే గానీ తుపాకి ముట్టినవాడు కాదు. దొర గడీకి వెట్టి బందైన నాడు అందరితో పాటు డప్పు వెంట తిరిగాడు, తర్వాత తన బావి, తన ఎడ్లు చూసుకున్నాడు. దొరా పట్వారీ అప్పుడే పట్నం పారిపోయారు. నిజాం పోయి యూనియన్ మిలిటరీ వచ్చినాక కూడా వాళ్ళు వెనక్కి రాలేదు. మిలిటరీ మాత్రం సంఘం తరఫున తుపాకి పట్టిన దళం వాళ్ళ కోసం ఊరూరా వెతకడం మొదలుపెట్టింది.

అది ఎండకాలం. బావి పూడిక తీస్తూ, బురద గంప పైకెత్తబోయి ఆయన అట్లాగే వంగిపోయాడు. నడుము పట్టుకుంది. మళ్ళీ లేవలేదు. ఇద్దరు పట్టుకొచ్చి మంచం మీద వేశారు. పక్క మీద ఒత్తిగిలాలన్నా పళ్ళు కొరుక్కునేవాడు.

మా అమ్మ దగ్గర నేర్చుకున్న మందు ఒకటుంది. ఉమ్మెత్త ఆకు దంచి, ఆముదంలో వేసి, ఆకు నల్లబడేదాకా మరిగించాలి. గోరువెచ్చగా నడుముకు మర్దన చేసి, మీద కాచిన ఆకులు పరిచి గుడ్డ కట్టాలి. ఎంత బిగుసుకున్న కండైనా తెల్లారి పొద్దెక్కేసరికి వదులుతుంది. అయితే ఆ చేత్తో కన్ను ముట్టొద్దు, నోరు ముట్టొద్దు. బూడిద పెట్టి మూడుసార్లు చేతులు కడగాలి. అమ్మ ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో. నేను మూడు కాదు, నాలుగుసార్లు కడిగాను. కానీ పొయ్యి మీది మూకుడు దించేటప్పుడు చేయి కాలకుండా కొంగుతో పట్టుకుని దించాను. నూనె ఒలికి కొంగుకు అంటింది. చేతులు కడిగినదాన్ని కొంగు ఉతకాలని తోచలేదు. ఉన్నవి రెండు చీరలు, ఒకటి తడిసి దండెం మీద ఉంది.

తెల్లారుజామున మిలిటరీ ఊరిని చుట్టుముట్టింది. మీసం మొలిచిన ప్రతి మగవాణ్ణీ బయటికి లాగారు. రాత్రి బువ్వకని ఊళ్ళో ఆగిన కొత్తవాళ్ళు కొందరు అందులో ఉన్నారని తర్వాత తెలిసింది. మా ఆయన్ని మంచం మీది నుంచి లేపితే నిలబడలేకపోయాడు. నడుము మీద చేయి వేసుకుని, నేలను చూస్తూ, సగానికి వంగి లారీ దాకా నడిచాడు. ఎక్కలేకపోతే వెనక నుంచి ఎత్తి పడేశారు. లారీ కదిలినాక నేను దుమ్ములో కూలబడి ఏడ్చాను. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఏడ్చాను.

ఆడవాళ్ళమంతా జనగామకు నడిచాం. దారిపొడవునా అదే ఏడుపు, అదే కొంగు. సగం దూరం పోయేసరికి వెలుతురు కళ్ళలో పొడవడం మొదలైంది. నోరు ఎండిపోయింది. ఏడ్చినందుకు, తిననందుకు అనుకున్నాను. పక్కన నడుస్తున్న ముసలమ్మ నా మొఖం చూసి, నీ కళ్ళేంది గిట్ల నల్లగున్నయ్ అని అడిగింది.

జనగామ బయట డేరాలు వేసిన క్యాంపు. ముళ్ళకంచె లోపల మట్టి మైదానంలో మగవాళ్ళను వరసగా ఎండలో నిలబెట్టారు. ముప్పై మంది దాకా ఉంటారేమో. ఆఫీసరుకు తెలుగు రాదు, పక్కన మాట మార్చి చెప్పేవాడు ఒకడున్నాడు. ఎవరు ఊరివాళ్ళో, ఎవరు బయటివాళ్ళో వాళ్ళకు తేలాలి. చెప్పడానికి పట్వారీ లేడు. అందుకని ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి మీ ఆయన పేరు చెప్పమన్నారు. పేరు చెబితే పిలిచి పంపించేస్తారట.

మొగుడి పేరు ఎవరు చెబుతారు? మా దిక్కు ఆడది మొగుడి పేరు నోట పలకదు. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా నమ్మకం. ముందు నిలబడ్డామె తల వంచుకుని మా పెద్దోని బాపు అన్నది. రెండో ఆమె మాది కుమ్మరోళ్ళ ఇల్లన్నది. మూడో ఆమె అసలు నోరే తెరవలేదు. మాట మార్చేవాడు నవ్వాడు, ఆఫీసరుకు కోపమొచ్చింది. మొగుణ్ణి చంపేస్తామన్నా పేరు చెప్పని ఊరు ఇదేనేమో అన్నాడట. చివరికి విసిగిపోయి ఒక పద్ధతి పెట్టాడు. పేరొద్దు, ఏమొద్దు. లోపలికి పోయి మీ మనిషి చెయ్యి పట్టుకుని తీసుకుపొండి. భార్యో తల్లో వచ్చి చెయ్యి పట్టనివాడు బయటివాడు, వాడు లారీ ఎక్కుతాడు.

ఆ లారీ ఎక్కినవాళ్ళ సంగతి మాకు తెలుసు. పక్క ఊరి నుంచి ఎక్కినవాళ్ళలో ఇద్దరు ఏ జైలుకూ చేరలేదు. ఆయనకు నేను తప్ప ఎవరూ లేరు. తల్లి లేదు, అక్కాచెల్లెళ్ళు లేరు. నేను పోయి చెయ్యి పట్టకపోతే అంతే.

నా వంతు వచ్చింది. తల మీద కొంగు కళ్ళదాకా లాక్కున్నాను. పరాయి మగవాళ్ళ వరస ముందు నడవాలి, తల ఎత్తి ఒక్కొక్కరి మొఖం చూడటం మర్యాద కాదు. ఎత్తినా లాభం లేకపోయింది. ఎండకు తెల్లటి మెరుపు తప్ప మొఖాలు లేవు. దూరం నుంచి ఆకారాలు తెలిశాయి, దగ్గరికి పోయినకొద్దీ అవి కరిగిపోయాయి. అయితే నాకు మొఖంతో పని లేదనుకున్నాను. నేను వెతికింది నడుము వంగిన మనిషిని. వరసలో చివరి దిక్కు ఒక మనిషి నడుము మీద చేయి వేసుకుని సగానికి వంగి ఉన్నాడు. బతికాను అనుకుని తిన్నగా పోయి ఆ మణికట్టు పట్టుకున్నాను.

నీ మొగుడేనా అని మాట మార్చేవాడు అడిగాడు. తల ఊపాను. తీసుకుపో అన్నాడు.

చెయ్యి పట్టుకుని కంచె దాటాను. పది అడుగులు వేశామేమో. పక్క నుంచి ఒక గొంతు, ఎన్నడూ వినని గొంతు, చాలా మెల్లగా అన్నది: "అక్కా, ఎన్కకు సూడకు. జర మెల్లగ నడువు."

నేను పట్టుకొచ్చింది నా మొగుణ్ణి కాదు. చెయ్యి వదిలేసి వెనక్కి ఉరికితే ఇతణ్ణి అక్కడే కాల్చేస్తారు, నన్నూ వదలరు. ఉరకకపోతే ఆయన లారీ ఎక్కుతాడు. ఇవన్నీ అప్పుడు ఆలోచించానని చెబితే అబద్ధం. నాకు భయమేసింది. భయానికి కాళ్ళు ఆగిపోవాలి, నా కాళ్ళు ఆగకుండా నడిచాయి. మొగుడితో బయటికొచ్చిన ముసలమ్మ నా పక్కకు చేరి, వీపు మీద చేయి వేసి ముందుకు తోసింది. ఏం కాదు నడువు బిడ్డా అని గొణిగింది. నా వెంట ఉన్నది నా మొగుడు కాదని ఆమె చూసేసింది. నేను తెలిసే చేశాననుకుంది.

వాగు దాకా వచ్చినాక ఆ మనిషి చెయ్యి విడిపించుకున్నాడు. నాకు దండం పెట్టాడని తర్వాత చెప్పారు. నాకది కనపడలేదు. క్యాంపులో కొట్టిన దెబ్బలకు నడుము వంగిపోయిందట, కుంటుకుంటూ గుట్టల్లోకి పోయాడట. అతని మొఖం ఎట్లా ఉంటుందో నాకు ఈరోజుకీ తెలియదు.

మూడు రోజులు కళ్ళు అట్లాగే ఉన్నాయి. చీకటింట్లో కూర్చుని ఏడ్చాను. ఈసారి చేతి వెనకవైపుతో తుడుచుకున్నాను. ఆడవాళ్ళు వచ్చి కాళ్ళు మొక్కబోయారు. నాకు ఆనలేదక్కా, నా మొగుడే అనుకున్నా అని చెప్పాను. అట్లా అనక ఏమంటావు, పెదవి దాటితే పృథివి దాటుతుంది, మేమెవరికీ చెప్పం అన్నారు. నోట్లో నువ్వుగింజ నానని మా ఊళ్ళో ఆ మాట వారంలో పది ఊళ్ళకు పోయింది. వేళాకోళమాడే వరుసైనవాళ్ళు ఇంకో రకంగా అన్నారు, మొగన్ని మరిచి పరాయోన్ని పట్టుకొచ్చింది సూడు అని. ఆ మాటే నిజానికి దగ్గర.

ఆయన్ని ఎక్కించిన లారీ మానుకోటకు పోయిందని ఎవరో అన్నారు. మహబూబాబాదును మేం మానుకోట అనేవాళ్ళం. జొన్నరొట్టెలు మూటగట్టుకుని తొర్రూరు మీదుగా రెండు రోజులు నడిచి పోయాను. అక్కడ క్యాంపు ముందు రెండు రోజులు కూర్చున్నాను. ఎవరికోసం అంటే చెప్పలేను. మొగుడికోసం అంటే, మరి ఆ రోజు చెయ్యి పట్టుకుపోయిన మొగుడెవరు అని అడుగుతారు. బంధువని చెప్పి చూశాను, లోపలికి పంపలేదు. మూడోనాడు స్టేషన్లో నీళ్ళమ్మే ఆమె జాలిపడి చెప్పింది, పట్టుకొచ్చినవాళ్ళను నిన్ననే రైలెక్కించి జైలుకు తీసుకుపోయారని. నేను కంచెకు ఈ పక్క కూర్చున్నప్పుడు ఆయన ఆ పక్క దారిన పోయాడన్నమాట. తిరిగి ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తులేదు. అరికాళ్ళు పగిలిన సంగతి మాత్రం గుర్తుంది.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, నెల తిరక్కుండానే ఇంకో కబురొచ్చింది. దళం మనిషి ఒకాయన బువ్వకు వచ్చి, తింటూ తింటూ చెప్పాడు. నేను పట్టుకొచ్చిన అతను గోదావరి దాటాలని పోయాడట. భూపాలపల్లి అవతల అడవిలో కాల్పులు జరిగాయి, అక్కడే పోయాడు. చెప్పినాయన మంచినీళ్ళు తాగి లేచాడు. నేను ఎంగిలి విస్తరి ముందు కూర్చుండిపోయాను. ఒకరు జైల్లో, ఒకరు మట్టిలో. నా కొంగు చేసిన పనికి ఇద్దరిలో ఒక్కరూ మిగలలేదు. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఏడాదిన్నర గడిచింది. ఎడ్లను అమ్మి కూలికి పోయాను. ఆయన బతికే ఉన్నాడని రెండుసార్లు ఎవరో ఒకరి నోట వినపడింది. మొదట్లో నిద్రపట్టేది కాదు, తర్వాత పట్టడం మొదలైంది. అలిసిన ఒళ్ళు దేనికీ ఆగదు.

ఒకరోజు మాపటేళ వాకిలి ఊడుస్తుంటే వచ్చి నిలబడ్డాడు. ఆ వయసుకే గడ్డం నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. జనగామ స్టేషన్ నుంచి నడిచే వచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చాను. జైల్లో అక్షరాలు నేర్చుకున్నానని, నీకు కూడా నేర్పుతానని మొట్టమొదట చెప్పింది అదే. నేర్పాడు కూడా, ఇప్పుడు రాస్తున్నది ఆ అక్షరాలతోనే. బువ్వ పెట్టాను, చింతపండు చారు పోశాను. రెండు ముద్దలు తిన్నాక ఇక ఆగలేకపోయాను. చెప్పేశాను. మూకుడు, కొంగు, కళ్ళు, ఎండ, నడుము వంగిన మనిషి, అన్నీ. నిన్ను కాదని వేరేవాణ్ణి తెచ్చానని ఊరంతా మెచ్చుకుంటున్నారు, నేను నీకోసమే వచ్చానని చెప్పాను.

ఆయన తల ఎత్తలేదు. అన్నం కలుపుతూనే అన్నాడు.

"నాకు గప్పుడే ఎర్కైంది. నా ముంగటికెల్లే పోయినవ్. జానెడు దూరంల ఉన్న. నీ కండ్లల్ల నల్లగుడ్డు తప్ప ఏం లేదు. ఉమ్మెత్త తగిలిందనుకున్న."

జానెడు దూరంలో నిలబడ్డాడట. నిటారుగా నిలబడ్డాడట. నేను రాసిన నూనె పొద్దెక్కాక పనిచేసి, లారీ దిగి ఎండలో నిలబడేసరికి నడుము వదిలిందట. వంగినవాణ్ణి వెతుక్కుంటూ నేను నిటారుగా ఉన్న మొగుడి పక్క నుంచి పోయాను. మందు ఆయనకు పట్టింది, నాకూ పట్టింది.

మరి పిలవలేదేమని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినపడింది. ఏడాదిన్నర నన్ను నేను తిట్టుకున్నదంతా ఆయన మీదికి తిరిగింది.

"పిలుద్దామనే నోరు తెరిచిన," అన్నాడు. "నీ చేతిల ఉన్న మనిషి నా దిక్కు సూసిండు. నా ఈడోడే. నేను ఒక్క మాటంటె ఆని పానం పోతది. ఆనికి ఎర్కే, నాకు ఎర్కే. ఇగ నోరు మూసుకున్న."

తర్వాత మిలిటరీ వాళ్ళు అడిగితే ఆయన తనకు పెళ్ళి కాలేదని, తల్లి లేదని చెప్పి లారీ ఎక్కాడట. ఈ సంగతి బయట చెప్పొద్దన్నాడు. పెండ్లాన్ని ఇంకొకడి వెంట పంపిన మొగడంటారు, ఊళ్ళో తలెత్తుకోలేను, నీకు వచ్చిన పేరు నీకే ఉండనియ్ అన్నాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన కంచం పక్కకు జరిపి మొదటిసారి నా మొఖంలోకి చూశాడు.

"ఒక్కటే అడుగుత. జైల్ల పండుకున్నప్పుడల్ల గదే యాది. గాయన బతికిండా?"

ఆ కళ్ళలోకి చూసి నేనేం చెప్పాలి? ఏడాదిన్నర రాళ్ళు కొట్టి వచ్చాడు. చేతివేళ్ళలో రెండు సరిగా ముడవడం లేదు.

"బతికిండు," అన్నాను. "గోదావరి అవతలికి పోయిండట. పెండ్లి గూడ అయ్యిందట."

ఆయన తల ఊపాడు. కంచం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ఇంకొంచెం చారు పొయ్యమని అడిగి, కడుపునిండా తిన్నాడు.

చాలా ఏళ్ళకు, బిడ్డను భూపాలపల్లి ఇచ్చినాక, ఇద్దరం గోదావరి స్నానానికి కాళేశ్వరం పోయాం. స్నానాలయ్యాయి, దర్శనమైంది. ఆయన మెట్ల మీద కూర్చుని తన ఈడు ముసలివాళ్ళ మొఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఒకాయన దగ్గరికి పోయి మీది ఏ ఊరన్నా అని అడిగి వచ్చాడు. కాదు, ఆ మనిషి కాదన్నాడు. నేను తడిబట్టలు పిండుతూ తల వంచుకున్నాను.

"మనుమలు మనుమరాండ్లతోటి వస్తడు గద," అన్నాడు. "గింత గుంపుల ఏడ కనవడ్తడు."

"అవ్," అన్నాను. "గింత గుంపుల కనవడడు."